నిలువయున్న చమురు – హెచ్చిన సుంకము

2019 జూలై 5వ తేదీ సాయంకాలమున మేము డెల్టాలోని యొక గ్రామమున నారుమళ్లను పరిశీలించి, అచ్చటి సహకార సంఘపు పెట్రోలు బంకువద్ద బస్సుకై నిలిచియుంటిమి. నాటి ఉదయము ఢిల్లీలో బడ్జెట్టు చదువబడెను. పెట్రోలుమీదను, డీసెలుమీదను లీటరు 1కి 2 రూపాయల చొప్పున కేంద్రపు పన్ను హెచ్చినదను వార్త ఊరంతయు వ్యాపించెను. కాలువకు నీరింకను రాలేదు. బోరునీటితో నారుపోసినవారు ఇంజనుల నాధారపడియుండిరి. కావున బంకువద్ద పీపాలును, డబ్బాలును బారులుతీరి యుండెను.

ఆ గుంపులో నొక పెద్దరైతు మమ్ము గుర్తించి దగ్గరకు వచ్చి యిట్లడిగెను: “ఏమండీ డిమాన్‌స్ట్రేటరుగారూ, ఈ నూనె సంఘమువారు మొన్న కొన్నది. పాతపన్నే కట్టారు. రేపు పొద్దున అదే నూనెకు మా దగ్గర కొత్తపన్ను తీసుకుంటారు. ఆ రెండు రూపాయలు ఢిల్లీకి పోతాయా, ఇక్కడే ఉంటాయా?”

ప్రశ్న చిన్నదే గాని, మేమప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. పిమ్మట విచారించి తెలిసికొన్న సంగతులను, తరువాతి సంవత్సరములలో అదే సంఘమునకు గలిగిన అనుభవమును ఈ పత్రిక చదువరులకు నివేదించుచున్నాము. ఇటీవల ప్రాథమిక సంఘములు పలుచోట్ల బంకులు నడుపుచున్నవి గావున, ఈ విషయము పట్టణపు వర్తకులకు మాత్రమే చెందినదని యెవరును తలపరాదు.

సుంకము పట్టుబడు చోటు

మన దేశమున చమురుపై ముఖ్యముగా రెండు పన్నులు గలవు. ఒకటి కేంద్రప్రభుత్వము తీసికొను ఎక్సైజు సుంకము. ఇది ఉత్పత్తిపై పన్ను. రెండవది రాష్ట్రప్రభుత్వము తీసికొను అమ్మకపు పన్ను. ఈ రెంటికిని నడుమ నున్న గట్టు చాలకాలము క్రిందటనే వేయబడినది. మధ్యపరగణాలు, బేరారు రాష్ట్రమువారు 1938లో పెట్రోలు అమ్మకముపై పన్ను విధింపగా, అది కేంద్రమునకు జెందిన ఎక్సైజు సుంకమే యగునను వాదము వచ్చెను. క్రొత్తగా నేర్పడిన ఫెడరల్ కోర్టు మొట్టమొదట విచారించిన విషయ మిదియే. ఉత్పత్తిపై పన్ను వేఱు, అమ్మకముపై పన్ను వేఱు అని తేల్చి, రాష్ట్రపు చట్టము చెల్లునని ప్రధాన న్యాయమూర్తి సర్ మారిస్ గ్వయరును తక్కిన న్యాయమూర్తులును అభిప్రాయమిచ్చిరి. 1942లో బొడ్డు పైడన్న అండ్ సన్స్ అను కంపెనీకిని మద్రాసు రాష్ట్రమునకును వేరుసెనగ నూనె, చెక్కల అమ్మకపు పన్నుమీద వచ్చిన వ్యాజ్యమునందును ఆ కోర్టు ఇదే సూత్రమును నిలిపెను. నేటికిని పెట్రోలు, డీసెలు, ముడిచమురు, సహజవాయువు, విమానపు చమురు అను నైదును జి.ఎస్.టి. వెలుపలనే యుండి ఈ పాతపద్ధతినే అనుసరించుచున్నవి.

ఇక ఏ దినపు రేటు వర్తించును? చమురు శుద్ధికర్మాగారపు గేటు దాటు దినమున అమలులోనున్న రేటే వర్తించును. సరకు ముందుగా తయారై లోపలనే యుండి, రేటు మారిన పిమ్మట బయటికి వచ్చెనేని, క్రొత్తరేటే చెల్లింపవలెను. 1989లో వాలెస్ ఫ్లోర్ మిల్సువారి వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు ఈ నియమమును స్థిరపఱచిరి. అట్లే గేటు దాటివచ్చిన సరకు పాతరేటు చెల్లించినచో, దానిని మరల వెంబడించి హెచ్చుభాగమును వసూలుచేయుట మన దేశమున వాడుకలో లేదు. రాష్ట్రపు పన్నును గూడ మన తెలుగు రాష్ట్రములలో చమురు కంపెనీ బంకునకు అమ్మునప్పుడే వసూలుచేయుదురు. బంకు కర్షకునికి అమ్మునప్పుడు మరల వేయరు.

బడ్జెట్టునాటి హెచ్చుపన్ను చట్టమగువఱకు వేచియుండక ఆ రాత్రియే అమలునకు వచ్చుటకు గూడ కారణము గలదు. వార్త ముందు వచ్చి, పన్ను వెనుక వచ్చినచో, నడుమనున్న దినములలో గిడ్డంగులన్నియు ఖాళీయై, సరకంతయు పాతరేటున బయటపడును. దీనిని నివారించుటకే 1931లో పన్నుల తాత్కాలిక వసూలు చట్టమును చేసిరి. దాని స్థానమున 2023లో అదే పేరుగల క్రొత్త చట్టము వచ్చినది. కాని ఈ చట్టము గేటు లోపలి సరకునకు మాత్రమే కాపలా. గేటు వెలుపలి సరకు దానికి దొరకదు.

ఇప్పుడా పెద్దరైతు ప్రశ్నకు రండు. జూలై 6వ తేదీ ఉదయము 6 గంటలకు ఆ సంఘపు ట్యాంకులో డీసెలు 12,000 లీటర్లు గలదు. దానిపై పాతసుంకమే చెల్లింపబడినది. బంకు నడుపువారు కంపెనీ నిర్ణయించిన ధరకే అమ్మవలెను గావున, ఆ యుదయమునుండి క్రొత్త ధరకే అమ్మిరి. 12,000 లీటర్లకు 2 రూపాయల చొప్పున 24,000 రూపాయలు. రాష్ట్రపు పన్ను విలువపై లెక్కింపబడుటచే కొంత పైమొత్తము గూడ వచ్చెను. ఈ సొమ్ము ఢిల్లీకి పోలేదు. సంఘపు పెట్టెలోనే నిలిచెను. అనగా కర్షకుడు పన్ను అను పేర నిచ్చినది పన్ను గాక, నిలువయుంచిన వాని లాభమయ్యెను.

జి.ఎస్.టి. క్రిందనున్న సరకులకు ఈ చిక్కు లేదని చదువరులు గమనింతురు గాక. 2025 సెప్టెంబరు 22వ తేదీన వ్యవసాయ ట్రాక్టర్లపై పన్ను నూటికి 12నుండి 5కు తగ్గెను. ట్రాక్టరు ఏ నెలలో తయారైనను, ఆ దినమునుండి అమ్మినదానికి 5 వంతుననే పన్ను. అచ్చట రేటు అమ్మకము వెంట నడచును. చమురునందు గేటు వెంట నడచును. భేదమంతయు నిందే యున్నది.

అమెరికావారి పద్ధతి

సంయుక్త రాష్ట్రములలో ఈ గేటు వెలుపలి నిలువనుగూడ పట్టుకొను పన్ను ఒకటి గలదు. దానిని నిలువ సరకుపై పన్ను అనవచ్చును. రేటు పెరిగిన దినమున, పాతరేటు చెల్లించిన చమురును అమ్మకమునకై నిలువయుంచుకొన్న ప్రతి వ్యాపారియు, పాత క్రొత్త రేట్ల నడుమనున్న భేదమును తన నిలువపై చెల్లింపవలెను.

1956 జూలై 1వ తేదీన రహదారుల నిర్మాణమునకై అచ్చటి కేంద్రప్రభుత్వము గ్యాసొలిన్‌పై, అనగా పెట్రోలుపై, పన్నును గ్యాలను 1కి 2 సెంట్లనుండి 3 సెంట్లకు పెంచినప్పుడు, నిలువపై 1 సెంటు చొప్పున వేసిరి. అయితే చిల్లర దుకాణములలో అమ్మకమునకున్న నిలువను విడిచిపెట్టిరి. 1993 అక్టోబరు 1న 4.3 సెంట్లు పెంచినప్పుడు నిలువపై గూడ 4.3 సెంట్లు వేసి, గ్యాసొలిన్ 4,000 గ్యాలనులకును, డీసెలు 2,000 గ్యాలనులకును మించనివారిని మినహాయించిరి. అమెరికా గ్యాలను మన లెక్కకు సుమారు 3.785 లీటర్లు. కావున డీసెలునందు రమారమి 7,570 లీటర్ల లోపువారికి బాధలేదు. బండి యొక్క ట్యాంకులోనున్న చమురునుగూడ విడిచిరి.

ఇటీవల కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2017 నవంబరు 1వ తేదీన గ్యాసొలిన్‌పై 12 సెంట్లును, డీసెలుపై 20 సెంట్లును పెంచిరి. ఆ రాత్రి 12 గంటలు దాటి 1 నిమిషమగుసరికి 1,000 గ్యాలనులు గాని అంతకు మించి గాని పన్ను చెల్లించిన చమురు గలిగిన సరఫరాదారులు, టోకు వర్తకులు, చిల్లర వర్తకులు అందఱును తమ నిలువను లెక్కించి, గ్యాలనుకు ఆ హెచ్చుభాగమును చెల్లింపవలసివచ్చెను. గ్యాసొలిన్ 5,000 గ్యాలనులుండిన వానికి 600 డాలర్లయ్యెను.

ఈ పద్ధతియందు మూడు గుణములు మాకు గానవచ్చుచున్నవి. మొదటిది, వార్త ముందుగా తెలిసినను నిలువచేయువానికి లాభములేదు గావున, దొంగనిలువలు తగ్గును. రెండవది, ముందుగా కొన్నవానికిని, తరువాత కొన్నవానికిని అంగడిలో సమానత్వ మేర్పడును. మూడవది, కొనువాడు పన్ను అను పేర నిచ్చిన సొమ్ము నిజముగా ఖజానాకే చేరును. ఒక దోషమును గలదు. అర్ధరాత్రి ప్రతి ట్యాంకును కొలుచుట, లెక్క వ్రాయుట, పత్రములు దాఖలుచేయుట చిన్న వర్తకునికి భారము. చిన్నవానినుండి వసూలగు సొమ్మునకంటె వసూలుచేయు ఖర్చే హెచ్చగును. అందుచేతనే పైన జెప్పిన మినహాయింపులు.

మఱియొక న్యాయమును గూడ అచ్చటివారు పాటించిరి. చట్టప్రకారము పన్ను తగ్గు దినమున వర్తకునివద్ద అమ్మకమునకున్న నిలువపై హెచ్చుగా చెల్లించిన భాగమును తిరిగి యిచ్చుటకు వారి పన్నుల చట్టమునందే యేర్పాటున్నది. పెరిగినప్పుడు తీసికొనువాడు తగ్గినప్పుడు ఈయవలెను. త్రాసు రెండువైపులను ఒక్కటిగా తూగవలెను గదా.

తగ్గినప్పటి సంగతి

మన సంఘపు కథ ఇచ్చటనే మలుపు తిరిగినది. 2019లో వచ్చిన 24,000 రూపాయలను కమిటీవారు సాధారణ లాభముగా వ్రాసికొనిరి. గిడ్డంగికి సున్నము వేయించిరి. మిగిలినది సర్వసభ్య సమావేశమునాటి భోజనములకు సరిపోయెను. ఆ సొమ్ము మరల తిరిగి పోవచ్చునని యెవరును తలపలేదు.

2020 మే 6వ తేదీన కేంద్రము పెట్రోలుపై 10 రూపాయలు, డీసెలుపై 13 రూపాయలు సుంకము పెంచెను. ముడిచమురు ధర ప్రపంచమంతట పడిపోయినందున, ఆ పెంపును కంపెనీలే తమ ధరలో సర్దుకొనెను. చిల్లరధర దానిచే పెరగలేదు. కావున నిలువయుంచినవారికి ఆ పెంపుచే లాభమేమియు రాలేదు.

2021 నవంబరు 3వ తేదీ సాయంకాలమున దీనికి విరుద్ధమైన వార్త వచ్చెను. మఱునాడు దీపావళి. పెట్రోలుపై 5 రూపాయలు, డీసెలుపై 10 రూపాయలు సుంకము తగ్గింపబడెను. కర్షకులకు శుభవార్తయే. కాని పండుగ సెలవులు వచ్చునని, కోతయంత్రములు దిగు కాలమని తలచి సంఘపు కార్యదర్శి ముందుగనే ట్యాంకు నింపించియుండెను. 4వ తేదీ ఉదయమున డిప్పు కడ్డీ వేసి చూడగా డీసెలు 14,000 లీటర్లు గలదు. హెచ్చుసుంకము చెల్లించిన ఆ నూనెను తగ్గిన ధరకే అమ్మవలసివచ్చెను. ఒక్క సుంకపు లెక్కనే 1,40,000 రూపాయలు పోయెను. దేశమంతట బంకుల యజమానులు ఇట్టి నష్టమునే చెప్పుకొనిరి. 2022 మే 22న మరల పెట్రోలుపై 8, డీసెలుపై 6 రూపాయలు తగ్గింపబడగా, ఆ నెల 31వ తేదీన అనేక రాష్ట్రములలో డీలర్లు కంపెనీలవద్ద సరకు కొనుట మాని నిరసన తెలిపిరి. కమిషను పెంపుతోబాటు నిలువనష్టమునకు పరిహారము గూడ వారి కోరికలలో నొకటి.

మేము ఆ దీపావళి గడచిన వారమున రబీ విత్తనముల పనిమీద ఆ గ్రామమునకు పోయితిమి. కమిటీ సమావేశము జరుగుచుండెను. నష్టము యూరియాకై తీసియుంచిన సొమ్ములోనుండి భర్తీ చేయబడెను. కావున ఆ పంటకు ఎరువు సంఘమునకు సగమే వచ్చునని తేలెను. కొందఱు సభ్యులు కార్యదర్శిని దోషిగా నెంచి, నష్టమును అతని జీతమునుండి పట్టుకొనవలెననిరి. అతడు తలవంచుకొని కూర్చుండెను. ట్యాంకు నింపుమని తీర్మానించినది కమిటీయే యను సంగతి ఎవరును ఎత్తలేదు.

అప్పుడు వెనుక బల్లపై గూర్చున్న ఆ పెద్దరైతు లేచి, “ఆ రోజు వచ్చింది మనదే అనుకొని తిన్నాము. ఈ రోజు పోయిందీ మనదే. అతని జీతమెందుకు పట్టుకోవాలి? అప్పుడు వచ్చినదానికి అతనికేమైనా బహుమానమిచ్చామా?” అనెను. సభ నిశ్శబ్దమయ్యెను. జీతమును పట్టుకొను తీర్మానము వీగిపోయెను. రెండు సంవత్సరముల క్రిందట మమ్మడిగిన ప్రశ్నకు ఆయనయే సమాధానము చెప్పెనని మేము గ్రహించితిమి.

సంఘములు చేయదగినవి

పన్ను పెంచుటయు తగ్గించుటయు మన చేతిలో లేదు. దాని దెబ్బను తట్టుకొను కట్టడి మాత్రము మన చేతిలో గలదు. ఆ సంఘము తరువాత నేర్పఱచుకొన్న నియమములను ఇతర సంఘముల కుపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

1. ధర మారిన ప్రతి పర్యాయము, ఉదయము 6 గంటలకు అమ్మకము మొదలిడకముందు, ఇరువురు సభ్యుల యెదుట ట్యాంకును కొలిచి, నిలువను పుస్తకమున వ్రాసి సంతకములు చేయింపవలెను. ఈ లెక్క లేనిచో లాభమెంతయో నష్టమెంతయో ఎన్నటికిని తేలదు. అనుమానము కార్యదర్శిమీద పడును.

2. ధరమార్పుచే నిలువపై వచ్చిన లాభమును వ్యాపారలాభముతో కలుపరాదు. “నిలువధర హెచ్చుతగ్గుల నిధి” అను వేఱు పద్దున జమకట్టవలెను. నష్టము వచ్చినప్పుడు దానిని ఈ నిధినుండియే తీయవలెను. ఎరువుల సొమ్మును ముట్టరాదు.

3. నిధి మితిమీరి పెరిగినచో, సర్వసభ్య సమావేశపు అనుమతితో, సభ్యులు సంవత్సరమున కొన్న లీటర్ల ననుసరించి వారికే పంచిపెట్టవలెను. వారు ఇచ్చిన సొమ్మే వారికి చేరును. ప్రభుత్వము నిలువపై పన్ను వేసి సాధించు న్యాయమును సంఘము తనంతట తానే ఈ విధమున సాధింపగలదు.

4. బడ్జెట్టుకు ముందును, పెద్ద పండుగలకు ముందును ట్యాంకును అంచువఱకు నింపుట పందెము వంటిది. ఎన్ని దినముల అమ్మకమునకు నిలువ చాలునో లెక్కించి అంతయే తెప్పింపవలెను. ఎన్ని లీటర్లు తెప్పించుటయో కమిటీ తీర్మానముగా వ్రాసియుంచవలెను.

5. ధర పెరుగునను వార్త వినగానే “స్టాకు లేదు” అని పలక వ్రేలాడదీయుట సహకారమునకు తగని పని. నీరులేని నారుమడి రేపటివఱకు ఆగదు.

కర్షకుని పీపా సంగతి

ఇక కర్షకులు తమ యింట పీపాలు నింపుకొనుటనుగూర్చి రెండు మాటలు. 200 లీటర్ల పీపా నింపుకొన్నవానికి 2 రూపాయల పెంపుచే 400 రూపాయలు కలిసివచ్చును. లీటరు 70 రూపాయలనుకొన్నచో పీపాకు 14,000 రూపాయలు పెట్టుబడి. నూటికి సాలుకు 12 రూపాయల వడ్డీచొప్పున నెలకు 140 రూపాయలగును. నెలలోపల వాడుకొన్నచో లాభమే. మూడు నెలలు నిలువయుంచినచో వడ్డీ 420 రూపాయలై, 20 రూపాయలు నష్టము. పైగా వదంతి అబద్ధమైనను, 2020లోను, 2025 ఏప్రిల్ 8వ తేదీనాటి 2 రూపాయల పెంపునందును జరిగినట్లు కంపెనీలే భరించినను, లాభము సున్న. ధర తగ్గినచో నష్టము కర్షకునిదే.

చట్టమును మఱువరాదు. 1934 నాటి పెట్రోలియము చట్టము ప్రకారము డీసెలు వంటి బి తరగతి చమురును ఒకచోట 2,500 లీటర్లకు మించకయు, ఏ పాత్రయు 1,000 లీటర్లకు మించకయు నుంచుకొన్నచో లైసెన్సు అక్కఱలేదు. పెట్రోలు అట్లుగాదు. అమ్మకమునకు గాక స్వంతమునకై 30 లీటర్లకు మించి లైసెన్సు లేక యుంచరాదు. అదియు గట్టి మూతగల తగిన పాత్రలలోనే.

పీపాను గడ్డివామికిని, పశువుల కొట్టమునకును దూరముగా, నీడలో పరుండబెట్టి, బిరడాలు బిగించి యుంచవలెను. నిలువబెట్టిన పీపా మూతపై వాననీరు నిలిచి లోనికి దిగును. డీసెలులో నీరు చేరినచో అడుగున మడ్డి పుట్టి, ఇంజను వడపోతను మూసి, ఇంజెక్టరును చెఱచును. జస్తాపూత పాత్రలు డీసెలునకు పనికిరావు. వాడుటకు ముందు పీపాను కదపక ఒకరాత్రి యుంచి, అడుగుభాగమును విడిచి, సన్నని జల్లెడగుండ తీసికొనవలెను. ఇంజెక్టరు మరమ్మతు ఖర్చు 400 రూపాయల లాభమును మ్రింగివేయునని మా అనుభవము.

కడపటి మాట ఒకటి. ఇప్పుడు ఆ సంఘపు బంకు గోడమీద నొక పలక గలదు. ధర మారిన ప్రతిదినమున నిలువ యెంత, లాభమెంత లేక నష్టమెంత, నిధిలో మిగిలినదెంత అను మూడు అంకెలు దానిపై సుద్దతో వ్రాయుదురు. పెద్దరైతు డీసెలుకై వచ్చినప్పుడెల్ల మొదట ఆ పలకను చదివి, పిమ్మట పీపాను దింపును. సభ్యుడు తన సొమ్ము ఎచ్చటికి పోయినదో గోడమీద చదువుకొనగల సంఘమున తగవులు తగ్గునని మేము నమ్ముచున్నాము. తక్కిన సంఘములును ఈ పలకను ఈ నెలనుండియే వ్రేలాడదీయవలెనని మా మనవి.